పోటుకు మేలుకునే వియ్యపురాలు

మా అమ్మాయి నిశ్చితార్థంలో, సరిగ్గా తాంబూలాలు మార్చుకునే వేళకి, నా భార్య సుభాషిణి నిద్రపోయింది. కునుకు కాదు, నిద్రే. వియ్యపురాలు మంగతాయారు గారు తన పెద్దకోడలి కాన్పు ఎంత కష్టమైందో చెబుతూ ఉంటే, “అలాగా అండీ” అంటూనే కళ్ళు మూసింది. చేతిలో కాఫీ గ్లాసు నేను అందుకున్నాను కాబట్టి పట్టుచీర దక్కింది. పరువు దక్కలేదు.

“మేం చెప్పేది మరీ అంత చప్పగా ఉందేంటండీ అన్నయ్యగారూ?” అన్నారావిడ.

“రాత్రంతా పనులేనండి, నిద్ర చాలలేదు” అన్నాను. “సముద్రం వెనక్కి పోతోందండి, అందుకని మా ఆవిడ పడుకుంది” అని నిజం చెబితే సంబంధం అక్కడే తప్పిపోయేది. అయినా అబద్ధం నాకేం కొత్త కాదు. పెళ్ళి వంటలు చేయించే గవర్రాజుని నేను. సాంబారు ఇంకా మరగకుండానే “వడ్డించేస్తున్నామండీ” అని ఎన్ని పందిళ్ళలో చెప్పి ఉంటానో నాకే గుర్తులేదు.

నాకు వేళ అంటే ప్రాణం. పదకొండింటికి పంక్తి అంటే పదకొండింటికి ఆకు పడాలి, అంతే. అలాంటివాడికి దేవుడు సముద్రాన్ని బట్టి నిద్రపోయే భార్యనిచ్చాడు. పుట్టుకతో అలాంటిది కాదు లెండి, చేతులారా తెచ్చుకుంది.

సుభాషిణి డాక్టరు. మందులిచ్చే డాక్టరు కాదు, మొక్కల డాక్టరు. కాకినాడ అవతల మడ అడవి అంచున ఉప్పునేలల పరిశోధన కేంద్రం ఒకటుంది, అందులో పని. ఆ పిచ్చితోనే కూతురికి కూడా చెట్టు పేరు పెట్టింది, సురపొన్న అని. మేం పొన్న అంటాం. డాక్టరమ్మ వంటవాణ్ణి ఎలా చేసుకుందని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మా గుత్తివంకాయ తిన్నాక అడగడం మానేస్తారు.

గొడవంతా పోటుచుక్క అనే పువ్వుతో వచ్చింది. మడ అడవి అయిపోయి బురదనేల మొదలయ్యే చోట పెరిగే చిన్న మొక్క అది. లేత ఊదారంగు రేకులు, మధ్యలో పసుపు. వాసన చూస్తే బియ్యం కడిగిన నీళ్ళు గుర్తొస్తాయి. పోటుకి, అంటే సముద్రపు నీళ్ళు కాలవల్లోకి ఎక్కేటప్పుడు, విచ్చుకుంటుంది. పాటుకి, అంటే ఆ నీళ్ళు తిరిగి దిగిపోయేటప్పుడు, ముడుచుకుంటుంది. అంతకన్నా పెద్ద విశేషం దాని వేళ్ళలో ఉంది. ఉప్పునీళ్ళు వచ్చే ముందే ఆ సంగతి దానికి తెలుస్తుంది, వేళ్ళ చివర్లు మూసేసుకుంటుంది. ఆ తెలివిని పసరుగా తీసి వరికి పట్టిస్తే, ఉప్పెక్కిన చేలల్లో కూడా వరి బతుకుతుందని సుభాషిణి ఆలోచన. ఆలోచనేమిటి, బతికింది కూడా. ప్రయోగశాల వెనక మడిలో పోటుకి వరి మొత్తం ఊపిరి బిగబట్టినట్టు నిలబడడం నేను నా కళ్ళతో చూశాను.

ఇక మా ఇంటి అలవాటు ఒకటి చెప్పాలి. వంటశాల పక్కనుంచి ఎవరు వెళ్ళినా ఆపి, అరచేతిలో ఇంత పులుసు పోసి, “ఉప్పు చూడు” అంటాం. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ సుభాషిణి నాలుకే నాకు తూనిక. ప్రయోగశాలలో ఉప్పు కొలిచే పరికరం ఒక వర్షాకాలం మొరాయించింది. ఈవిడేం చేసిందంటే, పసరు అరచేతిలో వేసుకుని నాలిక్కి రాసుకుంది. రోజూ అదే పని.

“మేడమ్, అది చారు కాదు” అని ఆవిడ కింద పనిచేసే డాక్టర్ ఇనాయతుల్లా మొత్తుకున్నాడట.

“కొంచెం ఉప్పు తగ్గింది, చూడు” అని ఆయనకీ పొయ్యబోయిందట. ఆయన బుద్ధిమంతుడు కాబట్టి చెయ్యి చాపలేదు.

ఆ చలికాలం నుంచి మొదలైంది. బస్సులో కూర్చుని డిపోలో లేచింది. బ్యాంకు క్యూలో నిలబడే నిద్రపోయింది. అన్నం కలుపుతూ ముద్ద చేతిలో పట్టుకుని పడుకుంది. బలవంతంగా లేపితే కళ్ళు తెరిచేది గానీ, ఎవరో ఏమిటో తెలిసేది కాదు. మళ్ళీ లేచిందంటే కొత్త పెళ్ళికూతురిలా హుషారు, ఇల్లంతా దులిపేసేది. పగలూ రాత్రీ సగం నిద్ర, సగం మెలకువ. అదీ రోజూ ఒకే వేళకి కాదు, ఇవాళ్టికంటే రేపు ఇంకాస్త ఆలస్యంగా. ఏ ఆసుపత్రికి తీసుకెళ్ళినా రక్తం బాగుంది, గుండె బాగుంది అన్నారు. చివరికి ఇనాయతుల్లా ఒకనాడు మా ఇంటికొచ్చి, రేవువాళ్ళు వేసే పోటుపాట్ల పట్టిక బల్లమీద పరిచాడు.

“గవర్రాజు గారూ, మేడమ్ నిన్న ఎప్పుడు పడుకున్నారు?”

నేను చెప్పాను. ఆయన పట్టికలో పాటు మొదలైన వేళ మీద వేలు పెట్టాడు. మొన్న? మళ్ళీ అదే. అటుమొన్న? అదే. పువ్వులోని గడియారం మా ఆవిడ ఒంట్లోకి ఎక్కేసింది. “చంద్రుణ్ణి బట్టి నడిచే గడియారం సార్” అన్నాడాయన.

“కాస్త కీ తిప్పి ఆపలేరా?” అన్నాను.

“ఆ మొక్క వేరులోనే విరుగుడు ఉంది. కాకపోతే ఒక్క మోతాదుకి ఒక దుబ్బు మొత్తం తవ్వాలి.”

అక్కడే వచ్చింది తంటా. మొన్నటి తుఫానుకి పోటుచుక్కలన్నీ కొట్టుకుపోయాయి. ప్రయోగశాల కుండీల్లో పెట్టినవి ఎన్నడూ బతకలేదు. తెలిసినంతలో మిగిలింది ఒకే ఒక్క దుబ్బు, గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గరి బురదదిబ్బ మీద. అది తవ్వితే పువ్వూ లేదు, పసరూ లేదు, ఉప్పునేలల్లో వరీ లేదు. సుభాషిణి ఒక్క మాటలో తేల్చేసింది. “తవ్వొద్దు. నిద్రే కదా, పోనివ్వండి.”

నేనూ పోనిచ్చాను, పొన్న ముహూర్తం కుదిరేదాకా.

ముహూర్తం పెట్టడానికి కొంపెల్ల అవధాని గారు వచ్చారు. ఆయన పంచాంగం తీశారు, నేను పోటుపాట్ల పట్టిక తీశాను. పక్కింట్లోంచి ఎవరైనా చూస్తే సముద్రానికి కూడా జాతకం చూస్తున్నారనుకునేవాళ్ళు. లగ్నం వేళకి మా తీరంలో పాటు మొదలై చాలాసేపై ఉంటుంది. కన్యాదానం వేళకి సుభాషిణి గాఢనిద్రలో ఉంటుంది.

“ఇంకో ముహూర్తం చూడండి అవధాని గారూ.”

“ఉంటే నేను దాచుకుంటానా? వీళ్ళిద్దరికీ కలిసొచ్చేది ఇదొక్కటేనయ్యా. ఇది దాటితే మూఢం.”

“కన్యాదానంలో అల్లుడి కాళ్ళు నేను కడుగుతాను. చెంబుతో నీళ్ళు పొయ్యాల్సింది తల్లి కదండీ.”

“పినతల్లి పొయ్యొచ్చు. మేనత్త పొయ్యొచ్చు. శాస్త్రం ఒప్పుకుంటుంది.”

శాస్త్రం ఒప్పుకుంది గానీ సుభాషిణి మొహం ఒప్పుకోలేదు. మా పెళ్ళినాటికి ఆవిడకి తల్లి లేదు. పిన్నిగారు పోశారు నీళ్ళు. ఆ చెంబు వైపు చూస్తూ సుభాషిణి ఏడ్చిన ఏడుపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

“పొన్నకి నేనే పొయ్యాలండీ” అంది నెమ్మదిగా.

“అయితే తవ్వుదాం.”

“తవ్వొద్దు.”

“రెండూ ఎలా కుదురుతాయే?”

“నాకు తెలీదు” అంది. పొన్న తల్లి పక్కన కూర్చుని, “నీళ్ళు ఎవరు పోస్తే ఏంటమ్మా, నువ్వు పక్కనుంటే చాలు” అంది గానీ, ఆ మాట అంటూ తల్లి కొంగు చేతికి చుట్టుకుంది. నాకు ఒళ్ళు మండింది. పువ్వు మీద, వరి మీద, చంద్రుడి మీద కూడా మండింది.

మర్నాడు పొద్దున్న పోటు వేళకి పడవ మాట్లాడాను. దాచడమెందుకని గునపం భుజాన వేసుకునే ఎక్కాను. సుభాషిణి ఎక్కింది, ఇనాయతుల్లా ఎక్కాడు. మంగతాయారు గారిది గోదావరి మీద ఎగువనున్న పాలలంక. దిబ్బ దగ్గర పని చూసుకుని, అదే పడవలో పాలలంక వెళ్ళి నిశ్చితార్థం నాటి తప్పుకి మన్నించమని అడగాలని అనుకున్నాం. పొన్న ఇంట్లోనే ఉండిపోయింది.

దిబ్బ ఎంతో లేదు, నాలుగు మంచాలు వేస్తే నిండిపోతుంది. నీళ్ళు అంచులు నాకుతున్నాయి. దుబ్బు మీద పోటుచుక్కలన్నీ విచ్చుకుని ఉన్నాయి. బురదలోంచి చీమకన్నా చిన్న పురుగులు లేచి, నీళ్ళు తమని ముంచేలోగా ఆ పువ్వుల్లోకి దూరుతున్నాయి. ఆ పురుగులకి పోటులో ఇల్లు అదే. పుప్పొడి అంటించుకుని, పాటుకి పువ్వు ముడుచుకునేలోగా బయటికొస్తాయి.

నేను గునపం దించాను. సుభాషిణి అడ్డం రాలేదు. ఒక పువ్వుని వేలితో కొంచెం వంచి చూపించింది.

“కింద కాయ కట్టింది, చూడండి. ఇంకా పచ్చిది. వానల నాటికి విత్తనం పండుతుంది. కొన్నేళ్ళాగితే ఇలాంటి దుబ్బులు వందొస్తాయి, అప్పుడు ఒక వేరు నేనే అడిగి నమిలేస్తాను. ఇవాళ తవ్వితే మాత్రం నేను పొన్న పెళ్ళిలో మెలకువగానే ఉంటాను, కానీ నీళ్ళు పోస్తున్నంతసేపూ ఇదే కనిపిస్తుంది నాకు.”

“నాకు నువ్వు కనిపించాలే” అన్నాను. ఎప్పుడూ అనని మాట, అదీ ఇనాయతుల్లా ముందు. ఆయన పాపం పడవ మోటారు వైపు తిరిగి అదేదో చాలా అందంగా ఉన్నట్టు చూడసాగాడు. గునపం తీసి పడవలో పడేశాను. చాలా పెద్ద చప్పుడైంది.

పడవ ఏటికి ఎదురు బయల్దేరింది. పోటు కూడా మాతోనే గోదావరిలోకి ఎక్కుతోంది. సుభాషిణి ఇక మొదలుపెట్టింది. గునపం ఎందుకు తెచ్చారని మొదలై, ప్రతిదానికీ అంత కోపమేమిటని సాగి, ఎప్పుడో మా తోడల్లుడి ఇంట్లో పప్పు బాగాలేదని నేను మొహం మీదే అన్న సంగతి దాకా వచ్చింది. నేను ఒడ్డున కొబ్బరిచెట్లు చూస్తూ కూర్చున్నాను. పాపికొండలదాకా తిట్టేటట్టుందని మనసులో అనుకున్నాను.

అప్పుడు తట్టింది. ఈవిడ ఇంకా తిడుతోందేమిటి?

చేతి గడియారం చూశాను. మా తీరంలో పాటు ఎప్పుడో మొదలై ఉండాలి. ఈపాటికి ఈవిడ పడవ అంచుకి తల ఆనించి గుర్రుపెడుతూ ఉండాలి.

“సుభాషిణీ, నిద్ర రావడం లేదూ?”

“మీతో కాపురం చేసేదానికి నిద్రెక్కడ...” అని మొదలెట్టి, మధ్యలో ఆగిపోయింది. ఇనాయతుల్లా వైపు చూసింది. ఆయన పట్టిక తీశాడు, గడియారం చూశాడు, వంగి నీళ్ళు చూశాడు. ఒడ్డున మెట్లు ఒక్కొక్కటే ఇంకా మునుగుతున్నాయి.

“చంద్రుడు కాదు మేడమ్” అన్నాడు. “నీళ్ళు. నీళ్ళు ఎక్కితే వాటి బరువుకి నేల రవ్వంత కుంగుతుంది. మనకి తెలీదు, మొక్కకి తెలుస్తుంది. మనం పోటుతో పాటే పైకి వస్తున్నాం. మీ గడియారం మీరున్న చోటు నీళ్ళని చూస్తోంది.”

సముద్రం దగ్గర తిరిగిపోయిన పోటు, ఏట్లో పైకి నడిచి నడిచి ఎగువ ఊళ్ళకి చాలా ఆలస్యంగా చేరుతుందట. మా రేవులో పాటు అయ్యే వేళకి పాలలంకలో ఇంకా పోటే. ఇన్నాళ్ళూ మేం ముహూర్తాన్ని ఎలా జరపాలా అని కొట్టుకున్నాం గానీ, జరపాల్సింది పందిరిని.

“తిట్టవే” అన్నాను. “ఆపకు. అదేంటది, మీ బావగారింట్లో పప్పు దగ్గర ఆపావు.”

పాలలంకలో మంగతాయారు గారు మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగిచ్చారు. మొహంలో నవ్వు లేదు. సుభాషిణి నాకు అవకాశమివ్వకుండా ఉన్నది ఉన్నట్టు మొత్తం చెప్పేసింది, నాలుక్కి పసరు రాసుకోవడం దగ్గర్నుంచి గునపం దాకా. ఆవిడ ఖాళీ గ్లాసులు తీసి పక్కన పెట్టారు.

“నిద్రపోయినందుకు కాదండి నాకు కష్టం” అన్నారు చివరికి. “రాత్రి పనులని చెప్పేరు అన్నయ్యగారు. మొహం చూస్తేనే తెలిసిపోయింది నాకు. మా సంబంధం ఇష్టంలేక ఆ వంకెట్టేరనుకున్నాను.”

“తప్పేనండి” అన్నాను.

“పెళ్ళి మా ఊళ్ళో చేద్దురుగాని. మా నాన్నమ్మల కాలంలో ఆడపెళ్ళివారే తరలొచ్చి చేసేవారండి. భోజనాలు మాత్రం మీ చేతివే ఉండాలి. మా ఊరి వంటోడి పప్పులో పప్పు వెతుక్కోవాలండి.”

పాతిక మంది వంటవాళ్ళనీ, గుండిగల్నీ, గాడిపొయ్యి ఇటుకల్నీ పడవల మీద ఏట్లో ఎక్కించిన క్యాటరింగు ఈ జిల్లాలో నాదే అయ్యుంటుంది. పందిరి ఏటి గట్టునే వేశాం. పెళ్ళినాడు పొద్దున్న ఇనాయతుల్లా పంచె కట్టుకుని రేవు మెట్ల మీద కూర్చున్నాడు. నీళ్ళు ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా నాకు చెయ్యి ఊపేవాడు. గౌరీపూజ అయింది. అవధాని గారు మంత్రం ముక్క కూడా వదిలే రకం కాదు. నా గుండె మంత్రానికీ మెట్టుకీ మధ్య కొట్టుకుంటోంది. ఇంతలో ఇనాయతుల్లా చెయ్యి ఊపడం మానేశాడు. నీళ్ళు నిలబడిపోయాయి. ఇక దిగడమే.

“కానివ్వండి అవధాని గారూ” అన్నాను పళ్ళ బిగువున.

అల్లుడు పళ్ళెంలో కాళ్ళు పెట్టాడు. సుభాషిణి చెంబు వంచింది. నీళ్ళు పడుతున్నాయి, నేను కడుగుతున్నాను. తలెత్తి చూస్తే ఆవిడ కళ్ళు ఇంతింతలేసి తెరుచుకుని ఉన్నాయి, వాటినిండా నీళ్ళు. చెంబు ఖాళీ అయ్యేదాకా ఒక్క చుక్క పక్కకి పోలేదు.

“సార్, ఇంకొక్కసారి పోస్తారా? మేడమ్ మొహం పడలేదు” అన్నాడు ఫోటోల వాడు. వాడితో నేనన్న మాట శుభకార్యం కాబట్టి ఇక్కడ రాయను.

తాళి కట్టాక, తలంబ్రాల మధ్యలో సుభాషిణి నా భుజం మీదికి ఒరిగిపోయింది. తల్లో ముత్యాల్లాంటి బియ్యం అలాగే ఉన్నాయి. ఎవరూ నవ్వలేదు, ఊరంతటికీ అప్పటికే సంగతి తెలుసు. మధ్యాహ్నం అప్పగింతలు నేనొక్కణ్ణే చేశాను. పాలలో ముంచిన పొన్న చేతుల్ని మంగతాయారు గారి చేతుల్లో పెడుతూ ఏం మాట్లాడానో నాకే తెలీదు, ఏడుపే ఎక్కువ. పొన్న వెళ్ళి నిద్రలో ఉన్న తల్లి బుగ్గకి బుగ్గ ఆనించి కాసేపు ఉండిపోయింది. మంగతాయారు గారు మాత్రం ముభావంగా పక్కకి చూస్తూ నిలబడ్డారు. మళ్ళీ ఏదో తప్పు చేసినట్టున్నామనుకున్నాను.

సాయంత్రం ఎండ చల్లబడ్డాక సుభాషిణిని చాప మీద పడుకోబెట్టి పడవ దిగువకి వదిలాం. కొంతదూరం పోయేసరికి సముద్రం నుంచి కొత్త పోటు మాకు ఎదురొచ్చింది. పడవ ముక్కు కొంచెం లేచింది. సుభాషిణి కళ్ళు తెరిచి, తలమీద బియ్యం దులుపుకుని, చుట్టూ చూసింది.

“పొన్న ఏదండీ?”

“అత్తారింట్లో ఉంది. అప్పగింతలయ్యాయి.”

“నేను లేకుండానే?”

అప్పుడు ఏడ్చింది. ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా ఈ నిద్ర గురించి ఏడవని మనిషి, చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. దుబ్బు తవ్వనందుకు పశ్చాత్తాపమా అని అడగలేదు నేను, అది కాదని తెలుసు. పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాను.

నా ఫోను మోగింది. వీడియో కాల్. మంగతాయారు గారు.

“అన్నయ్యగారూ, వదినగారు లేచేరా? మీ పడవకి ఈపాటికి పోటు తగిలుంటదని మా రేవులో వాళ్ళన్నారు.”

సుభాషిణి గబగబా మొహం తుడుచుకుని ఫోను అందుకుంది. తెర మీద వాళ్ళ ఇంటి వీధిగుమ్మం. గడపకి పసుపు, మామిడాకులు. గడప మీద బియ్యం నింపిన కొలత గిన్నె. దానికి ఇవతల మా పొన్నా, అల్లుడూ నిలబడి ఉన్నారు. అలసిపోయిన మొహాలు. వెనకాల చుట్టాలందరూ మెట్ల మీద కూర్చుని విసనకర్రలతో విసురుకుంటున్నారు.

“ఇంకా లోపలికి వెళ్ళలేదేమిటండీ?” అంది సుభాషిణి.

“ఎలా తీసుకెళ్తాం వదినగారూ? తండ్రి అప్పగించేరు, బాగానే ఉంది. తల్లి ఇవ్వకుండా పిల్లని గడప దాటించుకోడానికి నాకు మనసొప్పలేదు. అక్కడ చెప్తే అన్నయ్యగారు మిమ్మల్ని లేపేస్తారని నోరు మూసుకున్నాను. మీరు లేచేదాకా ఉందామని అందరం ఇక్కడే కూచున్నాం.”

సుభాషిణి ఫోనుని రెండు చేతులా పట్టుకుని మొహానికి దగ్గరగా తెచ్చుకుంది. కింద నా చెయ్యి కూడా పెట్టాను. తెరలో పొన్న కొంచెం ముందుకు జరిగి, “అమ్మా” అంది.

“మా పిల్లని మీ చేతుల్లో పెడుతున్నాను వదినగారూ” అంది సుభాషిణి.

“పుచ్చుకున్నానండి” అన్నారు మంగతాయారు గారు. పొన్న చెయ్యి పట్టుకున్నారు. “ఇంక మీరు హాయిగా పడుకున్నా నాకేం బెంగలేదు.”

పొన్న బియ్యం గిన్నెని కాలితో మెల్లగా తోసి, కుడికాలు లోపల పెట్టింది.